‘మన చేను పడలేదు’ అనే ముందు గాలెంతో, పైరు వయసెంతో చెప్పుకుందాం

తుపాను తీరం దాటిన మర్నాడు మన ప్రకృతి వ్యవసాయ గ్రూపుల్లో ఒకే రకం వీడియోలు వస్తాయి. రైతు గట్టు మీద నిలబడి ఎడమ వైపు చూపిస్తాడు, "ఇదిగో రసాయన చేను, చాప పరిచినట్టు పడిపోయింది" అంటాడు. కుడి వైపు తిరిగి "ఇది మనది, ఒక్క దుబ్బు వాలలేదు" అంటాడు. చూసినవాళ్ళందరూ భలే అంటారు. నాకూ సంతోషమే. కానీ ఈ వీడియోలు సగం నిజమే చెబుతున్నాయని నా అభిప్రాయం. చెప్పకుండా వదిలేసిన ఆ రెండో సగం వల్ల కొత్తగా మన దారిలోకి వచ్చిన రైతు దెబ్బ తింటాడు. అందుకే ఈసారి వీడియోలో నిలబడిన చేను బదులు మడి చుట్టూ తీసిన బోదె, లేపి కట్టిన దుబ్బులు చూపించాం. ఎందుకో ఇక్కడ రాస్తున్నాను.

2018 ఏం నేర్పింది

ఉదాహరణకి 2018 సంవత్సరం తీసుకుందాం. ఆ ఏడాది ఉత్తర హిందూ మహాసముద్రంలో, అంటే బంగాళాఖాతం, అరేబియా సముద్రం కలిపి, ఏడు తుపాన్లు పుట్టాయి. సాగర్, మెకును, లుబాన్ అరేబియా వైపు. దాయె, తిత్లీ, గజ, పెథాయ్ మన బంగాళాఖాతంలో. వాటిలో రెండు ఆంధ్ర తీరాన్ని నేరుగా కొట్టాయి.

తిత్లీ అక్టోబరు 11 తెల్లవారుజామున శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఆగి ఆగి 165 దాకా వీచింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. పెథాయ్ డిసెంబరు 17న కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. దాని గాలి 70 నుంచి 80, ఎక్కువలో ఎక్కువ 90. అంటే ఒకే సీజన్, ఒకే రాష్ట్రం, గాలిలో మాత్రం దాదాపు రెట్టింపు తేడా.

రైతుకి ఇంకో తేడా కూడా ముఖ్యం. అక్టోబరు 11 నాటికి శ్రీకాకుళంలో చాలా వరి పొట్ట మీదో, ఈనిక మీదో ఉంటుంది. డిసెంబరు 17 నాటికి గోదావరి డెల్టాలో సార్వా వరి చాలాభాగం కోత అయిపోయి పనల మీదో, కుప్పల్లోనో, కళ్ళంలోనో ఉంటుంది. మొదటి తుపాను పూతని కొడుతుంది, గింజ తాలు పోతుంది. రెండోది కోసిన ధాన్యాన్ని తడుపుతుంది, గింజ మొలకెత్తుతుంది, రంగు మారుతుంది. రెండో దాంట్లో చేను నిలబడిందా పడిందా అన్న ప్రశ్నే లేదు. కోసిన పనకి కాండం బలం ఏం ఉపయోగం?

ఆంధ్రప్రదేశ్‌లో 2016లో రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం మొదలై రెండేళ్ళు కూడా నిండీ నిండకుండా వచ్చిన సీజన్ అది. తిత్లీ, పెథాయ్ రెండింటి తర్వాతా నిలబడిన మడుల ఫొటోలు బాగా తిరిగాయి. ఆ ఫొటోలు అబద్ధం అనను. అలా నిలబడటానికి కారణాలున్నాయి. కానీ ఫొటో కింద గాలి వేగం, పైరు వయసు, రకం పేరు ఎవరూ రాయలేదు. అప్పటి నుంచీ "ప్రకృతి వ్యవసాయం చేస్తే తుపానుకు పడదు" అన్న మాట స్థిరపడిపోయింది.

నిలబడటానికి కారణం ఉంది, దానికో హద్దూ ఉంది

మన చేలు కొన్నిసార్లు ఎందుకు నిలబడతాయి? ఇందులో మంత్రం ఏమీ లేదు. యూరియా ఎక్కువైతే వరి కణుపులు సాగుతాయి, కాండం గోడ మెత్తబడుతుంది, ఆకు బరువు పెరుగుతుంది. పైన బరువు, కింద మెత్తదనం ఉంటే గాలికి కాండం విరుగుతుంది. మన పద్ధతిలో నత్రజని నెమ్మదిగా అందుతుంది. దూరంగా నాటడం వల్ల దుబ్బుకి వెలుతురు, గాలి అందుతాయి, కాండం గట్టిపడుతుంది. నీళ్ళు ఎప్పుడూ నిలవ పెట్టకుండా ఆరగట్టి పెట్టడం వల్ల వేరు లోతుకు పోతుంది. గడ్డిని తగలబెట్టకుండా నేలకే ఇస్తే అందులోని పొటాష్, సిలికా తిరిగి పైరుకి చేరతాయి. ఇవన్నీ నిజం.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. పక్క చేను పడటానికి ఒక్కోసారి కంకి బరువు కూడా కారణమే. మన చేను నిలబడిందంటే కంకి తేలిగ్గా ఉందేమో కూడా చూసుకోవాలి. ఎకరాకు రెండు పక్కలా ఎన్ని బస్తాలు వచ్చాయో చెప్పకుండా నిలబడింది, పడింది అంటే లెక్క పూర్తి కాదు. పక్కవాడిది పడిన తర్వాత కూడా మన కంటే ఎక్కువ ధాన్యం ఇంటికి వెళ్తే, గట్టు మీద మన వీడియో చూసి ఊళ్ళో నవ్వుతారు. మన మీద నమ్మకం పోయేది అలాంటి చోటే.

అసలు చిక్కు దేశవాళీ వరిలో ఉంది. నవార, మాపిళ్ళై సాంబ, బహురూపి లాంటివి మనలో చాలామంది ఇష్టంగా వేస్తున్నారు, నేను కూడా వేస్తున్నాను. కానీ వీటిలో చాలా రకాలు ఎత్తుగా పెరుగుతాయి, కొన్నిటికి పంటకాలం కూడా ఎక్కువ. నాలుగున్నర, ఐదు అడుగుల పైరు కంకి బరువుతో నవంబరులో నిలబడి ఉండగా 90 కిలోమీటర్ల గాలి వస్తే జీవామృతం ఆపుతుందా? ఆపదు. ఈ మాట కొత్త రైతుకి విత్తనం ఇచ్చేటప్పుడే చెప్పాలి. మూడెకరాల కౌలు రైతుకి మూడెకరాలూ పొడవు రకం వేయించి, తుపాను తర్వాత "ప్రకృతి పరీక్ష పెడుతుంది తమ్ముడూ" అంటే అది న్యాయం కాదు.

దేశవాళీని తక్కువ చేయడం లేదు. ఒడిశా రైతుల దగ్గర ధలపుట్టియా అనే పాత రకం ఉండేది. దాని నుంచి ఎంపిక చేసిందే ఎఫ్‌ఆర్ 13ఎ. నీట మునిగినా రెండు వారాల దాకా తట్టుకునే గుణం అందులోనే దొరికింది. ఆ గుణాన్ని శాస్త్రవేత్తలు సంకరం చేసి మన మార్టేరు స్వర్ణలోకి తెచ్చారు. 2009లో మన దేశంలో విడుదలైన స్వర్ణ సబ్-1 అదే. రైతుల విత్తనం ఎంత విలువైందో దీన్నిబట్టి తెలుస్తుంది. అయితే ఈ గుణం పనిచేసేది పైరు పిలకలు వేసే దశలో మునిగినప్పుడు. గింజ పండి వాలిపోయి నీళ్ళలో పడుకుంటే ఏ సబ్-1 కూడా మొలకని ఆపదు. ఏ గుణం ఏ దశలో పనికొస్తుందో చూసుకోవాలి. మనం చెప్పుకునే గొప్పలకీ ఇదే వర్తిస్తుంది.

సముద్రానికీ ఒక క్యాలెండరు ఉంది

బంగాళాఖాతంలో తుపాన్లు ఏడాదికి రెండు దఫాలుగా వస్తాయి. ఏప్రిల్ నుంచి జూన్ మొదలు దాకా ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రెండోది. నడి వర్షాకాలంలో అల్పపీడనాలు వస్తాయి గానీ పెద్ద తుపాన్లు అరుదు. రెండో దఫాలో అక్టోబరు తుపాన్లు ఎక్కువగా ఉత్తరాంధ్ర, ఒడిశా వైపు పోతాయి. నవంబరు వచ్చేసరికి దారి దక్షిణానికి జరుగుతుంది. అన్నీ ఇలాగే పోవు, డిసెంబరులో కాట్రేనికోన వచ్చిన పెథాయే అందుకు సాక్ష్యం. అయినా తేదీలు ఒకసారి వరుసగా చూడండి.

2013 అక్టోబరు 12, ఫైలిన్, గోపాల్‌పూర్ దగ్గర. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్, విశాఖపట్నం. 2018 అక్టోబరు 11, తిత్లీ, పలాస. మూడు తుపాన్లూ రెండు తేదీల్లోనే వచ్చాయి! ఇక డెల్టా వైపు 1977 నవంబరు 19 దివిసీమ, 1996 నవంబరు 6 కోనసీమ, 2018 డిసెంబరు 17 పెథాయ్, 2023 డిసెంబరు 5 బాపట్ల దగ్గర మిచాంగ్, 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర మొంథా.

ఇప్పుడు ఈ తేదీల పక్కన మన వరి వయసు పెట్టి చూడండి. స్వర్ణ లాంటి 150 రోజుల రకానికి జూన్ 15న నారు పోస్తే నవంబరు 12కి కోత. అదే నారు జూలై 10న పోస్తే డిసెంబరు 7. అంటే 25 రోజుల ఆలస్యం మన పంటని నవంబరు మొత్తం సముద్రానికి ఎదురుగా నిలబెడుతుంది. 125 రోజుల రకమైతే జూన్ 15 నారుకి అక్టోబరు 18కే కోతకొస్తుంది. కషాయం, ఘనజీవామృతం వల్ల వచ్చే కాండం బలం కన్నా ఈ 25 రోజులు తుపాను నుంచి ఎక్కువ కాపాడతాయని నా గట్టి నమ్మకం.

డెల్టా రైతులు ఈ సంగతి ఎప్పటినుంచో చెబుతున్నారు, కాలువ నీళ్ళు ముందు వదలండి అని. 2022లో గోదావరి డెల్టాకి జూన్ 1నే నీళ్ళు వదిలారు. నవంబరు తుపాన్ల లోపు కోత అయిపోవాలన్నదే చెప్పిన కారణం. అది ప్రతి ఏడాదీ జరగాలి. ఈ డిమాండులో ప్రకృతి రైతు, రసాయన రైతు అన్న తేడా లేదు. గట్టుకి అటూ ఇటూ ఉన్న ఇద్దరం కలిసి అడగాల్సింది ఇది.

ఇక్కడ మన పద్ధతికే ఒక ఇబ్బంది ఉంది, దాన్ని దాచుకోకూడదు. సార్వాకి ముందు నవధాన్యాలు చల్లి, 45 నుంచి 60 రోజులు పెంచి కలియదున్నాలంటాం. మంచిదే. కానీ దాళ్వా వరి కోత ఏప్రిల్ చివరి దాకా సాగే చేలో, మే నెలంతా నవధాన్యాలు పెంచి, జూన్ ఆఖరుకు దున్ని, జూలైలో నాటితే కోత డిసెంబరుకి పోతుంది. నేల బాగుపడుతుంది, పంట తుపాను నోట్లో పడుతుంది. దాళ్వా మానేసి మినుము, పెసర వేసుకునే చేలో ఈ చిక్కు ఉండదు, నవధాన్యాలకి కావలసినంత టైము దొరుకుతుంది. దాళ్వా తప్పదు అనుకునేవాళ్ళు నవధాన్యాలని 30 రోజులకే కలియదున్నాలి, లేదంటే గట్ల మీద పచ్చిరొట్ట పెంచుకుని కోసి వేసుకోవాలి. రెండూ పూర్తిగా కావాలంటే కుదరదు.

ఉత్తరాంధ్ర సంగతి వేరు. అక్కడ అక్టోబరు రెండో వారానికి వరి ఏదో ఒక సున్నితమైన దశలోనే ఉంటుంది. తేదీ జరిపి మొత్తం తప్పించుకోవడం కష్టం. అక్కడ మిగిలిన దారి పంట రకాలని పంచుకోవడం. మొత్తం ఒకే రోజు ఈనేలా వేయకుండా రెండు మూడు కాలపరిమితుల రకాలు, మెట్టలో చిరుధాన్యాలు, కందులు, దుంపలు. కొబ్బరి, జీడి పడిపోతే మళ్ళీ కాపుకి ఏళ్ళు పడుతుంది. దుంప నేలలోనే ఉంటుంది, నీళ్ళు నిలవకపోతే చేతికొస్తుంది.

డ్రెయిన్ తవ్వకుండా జీవామృతం ఏం చేస్తుంది?

తుపాను అంటే గాలి ఒక్కటే అనుకుంటాం. డెల్టాలో ధాన్యాన్ని చంపేది ఎక్కువసార్లు తర్వాత నిలిచిన నీరు. గింజకి నీళ్ళు తగిలి నాలుగైదు రోజులుంటే మొలక వస్తుంది. ఆ నీళ్ళు ఎందుకు పోవు? డ్రెయిన్లలో గుర్రపుడెక్క, తూడు, పూడిక. మన నేలలో వానపాములు ఎన్ని ఉన్నా, నీళ్ళు ఎంత ఇంకినా, కాలువలో నీటిమట్టం మన మడి కన్నా పైన ఉంటే నీరు వెనక్కే తంతుంది. జీవామృతం డ్రెయిన్ తవ్వదు. ఈ విషయంలో ఏ రైతూ ఒంటరిగా గెలవలేడు.

మన గ్రూపులు కషాయాల మీద పెట్టే శ్రద్ధలో పావు వంతు ఊరి మురుగు కాలువ మీద పెట్టాలని నా కోరిక. సెప్టెంబరులో రెండు రోజులు అందరం దిగితే పొలాల మధ్య పంట బోదెలు మనమే బాగు చేసుకోగలం. తీసిన గుర్రపుడెక్క గట్టున కుప్ప వేస్తే కంపోస్టు అవుతుంది. పెద్ద డ్రెయిన్ మాత్రం ప్రభుత్వ పని, దాన్ని వేసవిలోనే అడగాలి. అక్టోబరులో అడిగితే సర్వే చేస్తాం అంటారు.

సముద్రంలో జరిగింది చేలోకి ఎంత దూరం నుంచి వస్తుందో కూడా 2018 చూపించింది. ఆ ఏడాది మే నెలలో మెకును, అక్టోబరులో లుబాన్ అరేబియా ఎడారిలో వానలు కురిపించాయి. ఆ తడి ఇసుకలో మనుషులు లేని చోట ఎడారి మిడతలు తరం తర్వాత తరం పెరిగాయి. 2019, 2020ల్లో అవి తూర్పు ఆఫ్రికా, పాకిస్తాన్ మీదుగా రాజస్థాన్ దాకా, 2020 మేలో మధ్యప్రదేశ్, మహారాష్ట్ర దాకా వచ్చాయి. తెలంగాణ సరిహద్దు జిల్లాల్లో కూడా అప్రమత్తం చేశారు. మిడత ఏ చేనుకి యూరియా వేశారో అడగదు. కొన్ని నష్టాలు మన పద్ధతికి సంబంధించినవి కావు. వాటిని పద్ధతి గొప్పగా గానీ తప్పుగా గానీ లెక్కకట్టకూడదు.

వాయుగుండం అనగానే

అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను. ఈ మెట్లు ఎక్కడానికి సాధారణంగా కొన్ని రోజులు పడుతుంది. వాతావరణ శాఖ బులెటిన్‌లో వాయుగుండం అన్న మాట కనబడగానే పని మొదలుపెట్టాలి.

మొదట విత్తనం. విత్తనానికి ఉంచుకున్న మడిలో కంకులు పండి ఉంటే ఆ కంకుల వరకు కోసి ఇంట్లో వేలాడదీయండి. దేశవాళీ రకం ఒక్కసారి పోతే కొట్లో దొరకదు.

మిగతా చేను పూర్తిగా పండి, మిషను దొరికి, ధాన్యం ఇంటికో గోడౌనుకో చేరే వీలుంటే కోయండి. లేకపోతే కోయొద్దు. నిలబడిన చేను నష్టం కన్నా చేలో పనల మీద తడిసిన నష్టం ఎక్కువ. మడిలో నీళ్ళు బయటికి తీసి, గట్లకి గండ్లు పెట్టి ఉంచండి. కోయబోయే వరిలో మినుము చల్లాలనుకున్నవాళ్ళు ఆ వారం ఆగండి, నీళ్ళు నిలిస్తే విత్తనం కుళ్ళిపోతుంది.

తుపాను తర్వాత పడిన చేనులో ముందు నీళ్ళు తీయాలి. తర్వాత నాలుగైదు దుబ్బులు కలిపి లేపి కట్టాలి. కూలి ఖర్చే, కానీ కంకి నీళ్ళకి తగలకుండా ఉంటుంది. గింజ గట్టిపడి ఉంటే మొలక రాకుండా లీటరు నీటికి 50 గ్రాముల కళ్ళుప్పు కలిపి కంకుల మీద పిచికారీ చేయమని వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు చెబుతారు. దీని మీద మనలో వాదన ఉంది: ఉప్పు కొడితే అది ప్రకృతి వ్యవసాయం ఎలా అవుతుందని. నా మాట సూటిగా చెప్తాను. ఎకరాకు 200 లీటర్లు కొడితే పది కిలోల ఉప్పు. ఊరగాయ జాడీలో వేసేది అదే. ఒక్కసారి, అదీ ఆపదలో, ఒక సంసారం ఏడాది తిండి కాపాడుకోవడానికి కొడితే మన సిద్ధాంతం ఏమీ మునిగిపోదు. విత్తనం మడికి మాత్రం కొట్టకండి.

లెక్కలోకి ఎక్కాలి

ఎంత జాగ్రత్తపడినా కొన్నేళ్ళు నష్టం వస్తుంది. కేంద్రం 2022-26 విపత్తు సహాయ నిబంధనల ప్రకారం పంట 33 శాతం, ఆపైన పోతేనే సాయం. నీటి వసతి ఉన్న పంటకి హెక్టారుకు 17,000 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. ఎకరాకు లెక్కేస్తే దాదాపు 6,900. రాష్ట్రం ఇంకొంత కలపవచ్చు. అది పెట్టుబడిలో కూడా కొంత భాగమే, కానీ అదీ రాకుండా పోతున్నవాళ్ళు మనలో ఉన్నారు.

"మా చేను పడలేదు" అని వీడియో పెట్టి, వారం తర్వాత నష్టం రాయించుకోవడానికి వెళ్తే ఏమంటారు? పడకపోయినా ఈనిక మీద గాలికి తాలు పోయి ఉండొచ్చు, దిగుబడి సగమై ఉండొచ్చు. అది కోత దాకా కనబడదు. కాబట్టి వీడియో పెట్టే తొందరలో మన నష్టాన్ని మనమే చెరిపేసుకోవద్దు. ఈ-క్రాప్‌లో ప్రధాన పంటతో పాటు గట్ల మీది కందులు, అంతర పంటలు కూడా రాయించండి. కౌలు రైతులైతే సాగుదారు హక్కు పత్రం సంగతి జూన్‌లోనే తేల్చుకోవాలి. 2019 చట్టం ప్రకారం దానికి భూ యజమాని సంతకం కావాలి, తుపాను వచ్చాక ఆ సంతకం కోసం తిరిగితే ఎవరూ పెట్టరు.

చివరిగా ఒక విన్నపం. వచ్చే అక్టోబరులో మీ చేను నిలబడితే తప్పకుండా వీడియో తీయండి. అందులో ఐదు విషయాలు చెప్పండి: రకం పేరు, నారు పోసిన తేదీ, తుపాను రోజుకి పైరు ఏ దశలో ఉంది, మీ ఊరికి తీరం దాటిన చోటు ఎంత దూరం, కోత తర్వాత రెండు చేలల్లో ఎన్ని బస్తాలు. పడిపోయినా ఇవే చెప్పండి. పడిన చేను వీడియో పెట్టడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. నిలబడినవి, పడినవి కలిపి నాలుగైదేళ్ళు పోగుచేస్తే ఏ రకం, ఏ తేదీ, ఏ ఊరికి సరిపోతుందో మన చేతిలో లెక్క ఉంటుంది. గెలిచిన వీడియోలు మాత్రమే పోగుచేస్తే మన దగ్గర మిగిలేది ప్రచారం. ప్రచారం నమ్మి మూడెకరాలు వేసిన తమ్ముడికి మనం ఏం సమాధానం చెప్తాం?